పెదనాన్నా, బాబాయా, మేనమామా? గ్రీకు పురాణాల పరీక్షకు నేను చదివిన తీరు

గుంటూరులో బీకాం రెండో సంవత్సరంలో ఉండగా పెళ్ళి కావడంతో ఆగిపోయిన నా చదువు, పద్నాలుగేళ్ళ తరువాత టెక్సాస్‌లో, డాలస్ శివారులోని ఒక కమ్యూనిటీ కాలేజీలో మళ్ళీ మొదలైంది. నేను చేరింది అకౌంటింగ్ కోసం. అయితే ఈ రాష్ట్రంలోని ప్రభుత్వ విద్యాసంస్థల్లో బ్యాచిలర్ డిగ్రీ కావాలంటే 42 క్రెడిట్ల కోర్ కోర్సులు పూర్తి చేయాలి. వాటిలో భాష, తత్వశాస్త్రం, సంస్కృతి అనే విభాగం కింద మూడు క్రెడిట్లు తప్పనిసరి. మావారు ఆఫీసు నుంచి వచ్చి పాపను చూసుకునే వేళకు సరిపోయే సాయంత్రపు కోర్సు ఆ విభాగంలో ఒక్కటే కనిపించింది: గ్రీకు, రోమన్ పురాణగాథలు. మా నాయనమ్మ పక్కలో పడుకుని భారత భాగవతాలు విన్నదాన్ని, దేవతల కథలు నాకొక లెక్కా అనుకుని పేరు నమోదు చేసుకున్నాను. మూడో వారంలో పెట్టిన మొదటి క్విజ్‌లో 20కి 11 మార్కులు వచ్చాయి.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. దేవతల రాజు జ్యూస్ తండ్రి క్రోనస్ గురించిన ప్రశ్నకు, సొంత బిడ్డ చేతిలో ఓడిపోతావని తెలియడంతో అతను పుట్టిన బిడ్డను పుట్టినట్టే చంపేశాడని రాశాను. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ దేవతల పుట్టుక గురించి రచించిన థియోగొనీలో క్రోనస్ ఎవరినీ చంపడు, మింగుతాడు. చావులేని దేవతలను చంపడం కుదరదు కాబట్టి కడుపులో పెట్టుకోవడం ఒక్కటే అతనికున్న దారి. ఆరో బిడ్డ జ్యూస్‌ను తల్లి రియా క్రీటు ద్వీపంలో దాచి, పొత్తిగుడ్డల్లో చుట్టిన రాయిని మొగుడికి అందించగా అతను దాన్ని కూడా మింగేశాడు. తరువాత ఆ రాయితో పాటు మిగిలిన ఐదుగురూ క్షేమంగా బయటికి వచ్చారంటే, చంపకుండా మింగడమే కారణం. నా చేత ఆ తప్పు రాయించినవాడు కంసుడు. దేవకి బిడ్డల కథ నాలో ఎంతగా నాటుకుపోయిందంటే, పుస్తకంలో మింగాడని స్పష్టంగా చదివి కూడా పరీక్షలో చంపాడని రాసి వచ్చాను.

రెండో తప్పు పండోరా పెట్టె, మూత తీయగానే లోకంలోకి కష్టాలన్నీ వచ్చిపడ్డాయని చెప్పేది. హెసియడ్ చెప్పింది పెట్టె కాదు, ధాన్యమో నూనెయో ద్రాక్షసారాయో నిలవ చేసుకునే పెద్ద బాన. 16వ శతాబ్దంలో ఎరాస్మస్ అనే పండితుడు లాటిన్‌లో ఆ కథ చెబుతూ బానను చిన్న పెట్టెగా మార్చాడు. లోకమంతటికీ ఆ పెట్టే మిగిలింది. మూడో తప్పు అన్నిటికంటే పెద్దది. మడమకు బాణం తగిలి గ్రీకు వీరుడు అకిలీస్ చనిపోవడంతో, ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన ఇలియడ్ ముగుస్తుందని రాశాను. ఇలియడ్ ముగిసేది ట్రాయ్ యువరాజు హెక్టర్ అంత్యక్రియలతో. అందులో అకిలీస్ మరణఘట్టం లేదు, కొయ్యగుర్రం లేదు. తల్లి అతణ్ణి పసితనంలో మడమ పట్టుకుని పాతాళపు స్టిక్స్ నదిలో ముంచిందన్న కథ మనకు మొదట దొరికేది క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ కవి స్టేషియస్ దగ్గర. అంటే హోమర్ కాలానికి దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ తరువాత.

ఈ మూడు తప్పుల పక్కనా మా టీచరు ఎర్ర కలంతో ఒకే మాట రాశారు: "ఇది ఎవరు చెప్పారు?" ఆ ప్రశ్న నాకు కొత్తదేమీ కాదని ఇంటికి వచ్చాక తట్టింది. లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణంలో లేదని, శశిరేఖ పెళ్ళి వ్యాసుడి భారతంలో లేదని మా నాయనమ్మ ఎన్నోసార్లు చెప్పేది. కథ తెలిసి ఉండటం ఒకటి, ఆ కథను ఎవరి నోట విన్నామో తెలిసి ఉండటం మరొకటి. మొదటిదానికి ఈ కోర్సులో సగం మార్కులే వస్తాయి. అక్టోబరు మధ్యలో ఉన్న మిడ్‌టర్మ్‌కు నేను చదివిన చదువంతా ఆ రెండోదాని కోసమే.

పరీక్ష తరగతి గదిలోనే, 75 నిమిషాలు. పుస్తకం, ఫోను, కాగితం ఏవీ ఉండవు. కాలేజీ దుకాణంలో దొరికే నీలి అట్ట పుస్తకం, అందరూ బ్లూ బుక్ అనేది, కొనుక్కుని వెళ్ళి దానిలో చేత్తో రాయాలి. మూడు భాగాలుంటాయని ముందే చెప్పారు. మొదటి భాగంలో ఆరు పద్యభాగాల ఆంగ్లానువాదాలు ఇచ్చి, ఏ కృతి, ఏ కవి, మాట్లాడుతున్నది ఎవరు, సందర్భం ఏమిటి, ఆ చోటు ఎందుకు ముఖ్యం అని అడుగుతారు. మన తెలుగు పరీక్షల్లో "సందర్భ సహిత వ్యాఖ్యలు" రాసినవారికి ఇది పాత చుట్టమే. రెండో భాగంలో తెర మీద పది బొమ్మలు చూపించి గుర్తుపట్టమంటారు. మూడోది ఒక వ్యాసం. హెసియడ్ రెండు కావ్యాల్లో నిర్ణయించిన భాగాలు, పంటల దేవత డెమీటర్ మీద ప్రాచీన గ్రీకు స్తోత్రం, హోమర్ ఇలియడ్, ఒడిస్సీల నుంచి ఎంపిక చేసిన కాండలు, రోమన్ కవి ఓవిడ్ రాసిన మెటమార్ఫసీస్ నుంచి కొన్ని కథలు, ఇదీ పాఠ్యభాగం.

మొదట వంశవృక్షం వేయాలనుకున్నాను. ఇండియన్ గ్రోసరీ దుకాణంలో ఉచితంగా ఇచ్చిన తెలుగు క్యాలెండరులో అయిపోయిన ఆగస్టు పేజీని చింపి, తిథి వార నక్షత్రాల వెనుక ఖాళీగా ఉన్న వైపు గీతలు గీశాను. పైన ఖేయస్, గాయా. గాయా కింద ఉరానస్. అక్కడి నుంచి క్రోనస్, రియా. వారికి హెస్టియా, డెమీటర్, హేరా, హేడీస్, పొసైడన్, చివర జ్యూస్. పేర్లు ఇంగ్లీషులో రాసుకుంటే నోరు తిరగలేదు. తెలుగులో రాసుకున్నాక నాలుక మీద నిలిచాయి. అయితే పరీక్ష ఇంగ్లీషులో రాయాలి కాబట్టి ప్రతి పేరు కిందా ఆ స్పెల్లింగు కూడా చేర్చక తప్పలేదు.

ఇంగ్లీషులో ఎవరికి ఎవరు ఏమవుతారో ఒకే ఒక్క "అంకుల్" అనే మాటతో తేల్చేస్తారు. నా చేతికి ఆ మాట రాలేదు. పెర్సెఫనీ దగ్గరికి వచ్చేసరికి, ఆమెను ఎత్తుకుపోయి పాతాళానికి రాణిని చేసుకున్న హేడీస్ ఆమెకు ఏమవుతాడో రాయబోయి కలం ఆపాను. తండ్రి జ్యూస్‌కు అన్న కాబట్టి పెదనాన్న. కానీ తల్లి డెమీటర్ కూడా ఆ ఇంటి ఆడపడుచే, హేడీస్‌కు తోబుట్టువే. ఆ వైపు నుంచి మేనమామ. మన వావివరుసల్లో ఒకటి పెళ్ళి మాట తలవడానికే తప్పైన వరుస, మరొకటి మా ఊళ్ళో నిన్నమొన్నటి దాకా మొదట అడిగే వరుస. ఒకే మనిషికి రెండూ వర్తిస్తున్నాయి.

అంతటితో తేలలేదు. జ్యూస్ అందరికంటే చిన్నవాడని చెప్పింది హెసియడ్. ఇలియడ్ 13వ కాండలో మాత్రం జ్యూస్ పొసైడన్ కంటే ముందు పుట్టినవాడనీ ఎక్కువ తెలిసినవాడనీ ఉంది. 15వ కాండలో పెద్దవాడి మాట వినమన్నట్టుగా జ్యూస్ పొసైడన్‌కు కబురు పంపుతాడు. హోమర్ లెక్క పట్టుకుంటే పెద్దవాడు జ్యూసే, హేడీస్ పెర్సెఫనీకి బాబాయి. హెసియడ్ లెక్కలో పెదనాన్న. మేనమామ అన్నది మాత్రం ఇద్దరి లెక్కలోనూ మారదు. ఆ పేజీ మీద హేడీస్ పేరు పక్కన మూడు వరుసలూ రాసి, మొదటి రెండింటి కింద కవుల పేర్లు పెట్టాను. టీచరు మూడుసార్లు అడిగిన ప్రశ్నకు నేను నా అంతట నేను చెప్పుకున్న మొదటి జవాబు అదే.

ఇక్కడ రాత్రి తొమ్మిదంటే గుంటూరులో ఉదయం ఏడున్నర. ఆ వేళకు అమ్మ కాఫీ తాగి ఫోను చేస్తుంది. ఆ రోజు ఈ కథంతా చెప్పాను.

"మేనమామేగా, మరి ఆ తల్లికి అంత దుఃఖమెందుకే?" అంది.

"నాన్నను అడిగి ఎత్తుకుపోయాడమ్మా. తల్లితో ఒక్క మాట చెప్పలేదు, పిల్లనసలే అడగలేదు."

"అదీ సంగతి," అని అమ్మ కాసేపు మాట్లాడలేదు.

తరువాత స్తోత్రాన్ని మళ్ళీ చదువుతుంటే, మొదటిసారి నా కంటికి ఆనని చోటొకటి కనబడింది. కూతురు ఏమైందో తెలియక తొమ్మిది రోజులు కాగడాలు పట్టుకుని తిరిగిన డెమీటర్‌కు సూర్యుడు హీలియస్ జరిగింది చెబుతూ, అల్లుడిగా హేడీస్ తీసిపోయినవాడేమీ కాదు, నీ తోడబుట్టినవాడే కదా, బాధపడకు అని నచ్చజెబుతాడు. మేనరికం కలుపుకోవడానికి వచ్చిన పెద్దమనిషి మాట్లాడినట్టే ఉంది. డెమీటర్ ఆ మాట వినిపించుకోలేదు; పైరు మొలకెత్తనీయకుండా భూమినంతా ఎండబెట్టి, దేవతలకు నైవేద్యాలు అందకుండా చేసి, కూతురిని ఏడాదిలో రెండు వంతుల కాలానికైనా వెనక్కి తెచ్చుకుంది. దాదాపు 500 పంక్తుల ఆ స్తోత్రాన్ని నేను మళ్ళీ తెరవాల్సిన అవసరం లేకపోయింది.

అదే కథను ఓవిడ్ కూడా చెప్పాడు. ఇక్కడే పరీక్షలో పొరపాటు దొర్లే ప్రమాదముంది. స్తోత్రంలో పెర్సెఫనీ తిన్నది ఒక్క దానిమ్మ గింజ, ఓవిడ్‌లో ఏడు. స్తోత్రంలో పాతాళంలో ఉండాల్సింది ఏడాదిలో మూడో వంతు, ఓవిడ్‌లో సరిగ్గా సగం. ఇలాంటి తేడాలన్నీ చిన్న అట్టముక్కల మీద, ముందువైపు ఒక కవి, వెనుక మరో కవి వచ్చేట్టు రాసుకున్నాను. పెద్దగా ఆలోచించనక్కర లేని గుర్తు మరొకటుంది: అనువాదంలో జూపిటర్, సెరీస్, ప్రొసెర్పినా అని రోమన్ పేర్లు కనబడితే అది ఓవిడ్, జ్యూస్, డెమీటర్ అని ఉంటే గ్రీకు కవి. తరగతిలో కొందరు ఈ ఒక్క సూత్రంతోనే గట్టెక్కుదామనుకున్నారు గానీ, హెసియడ్‌నూ హోమర్‌నూ వేరు చేయడానికి అది పనికిరాదు. దానికి చెవి కావాలి. హోమర్‌లో పేరుతో పాటు తరచూ ఒక విశేషణం వస్తుంది: వడిగల పాదాల అకిలీస్, ఆవుకన్నుల హేరా, గులాబి వేళ్ళ ఉషస్సు. ముక్కంటి, గరుడవాహనుడు, వాయునందనుడు అంటూ పెరిగిన చెవికి ఇది పట్టుబడటం కష్టం కాలేదు. హెసియడ్ తన గురించి తానే చెప్పుకుంటాడు: హెలికాన్ కొండ కింద గొర్రెలు కాచుకుంటుంటే కళాదేవతలు వచ్చి పాట నేర్పారంటాడు. హోమర్ తన సంగతి ఎక్కడా ఎత్తడు.

బొమ్మల భాగానికి మా తొమ్మిదేళ్ళ పాప పరీక్షాధికారి అయింది. తను చదివే పిల్లల నవలల నిండా ఈ దేవతలే కాబట్టి నాకంటే తనకే ధైర్యం ఎక్కువ. ల్యాప్‌టాప్‌లో బొమ్మ పెట్టి, పేరు కనబడకుండా చేయి అడ్డం పెట్టేది. సింహచర్మం, గద ఉంటే హెరక్లీస్. రెక్కల చెప్పులు, టోపీ ఉంటే హెర్మీస్. ఐవీ తీగ, రెండు పిడుల పానపాత్ర ఉంటే డయనైసస్. ఎద్దుతో పెనుగులాట వచ్చినప్పుడు మాత్రం రెండు మూడు సార్లు పొరబడ్డాను. పూర్తి ఎద్దు అయితే హెరక్లీస్ పట్టుకొచ్చిన క్రీటు ఎద్దు. మనిషి ఒంటికి ఎద్దు తల ఉంటే మినొటార్, ఎదురుగా ఉన్నవాడు థీసియస్. ఈ తేడా నాకు పాపే నేర్పింది.

ఆ బొమ్మల్లో నాకు బాగా నచ్చింది ఒక నల్లబొమ్మల కూజా. క్రీ.పూ. 540, 530ల మధ్య ఎక్సీకియస్ అనే కుమ్మరి చిత్రించినది, ఇప్పుడు వాటికన్ మ్యూజియంలో ఉంది. అకిలీస్, ఏజాక్స్ ఇద్దరూ యుద్ధపు బట్టల్లోనే, ఈటెలు భుజాన పెట్టుకుని, చిన్న పీట మీదికి వంగి పాచికలాట లాంటిదేదో ఆడుతుంటారు. అకిలీస్ నోటి దగ్గర "నాలుగు" అని, ఏజాక్స్ నోటి దగ్గర "మూడు" అని గ్రీకులో రాసి ఉంటుంది. పాచికలనగానే నా బుర్ర శకుని దగ్గరికి పరుగెత్తింది. ఇందులో మోసం లేదు, పణం లేదు, సభ లేదు. ఈ దృశ్యం ఇలియడ్‌లోనే కాదు, మనదాకా వచ్చిన ఏ కావ్యంలోనూ లేదు. కుంచె పట్టినవాడు చెప్పిన కథ ఇది. "ఎవరు చెప్పారు" అన్న గడిలో ఒక కుమ్మరి పేరు రాసుకోవడం నాకు తమాషాగా అనిపించింది.

వ్యాసం సంగతి వేరు. విషయం లేక కాదు, చేయి లేక ఇబ్బంది పడ్డాను. పద్నాలుగేళ్ళుగా సరుకుల చీటీ కంటే పొడుగు ఏదీ చేత్తో రాయలేదు. వంటింటి గడియారం ముందు కూర్చుని 25 నిమిషాల్లో వ్యాసం పూర్తి చేయాలని మొదలుపెడితే, మొదటి రోజు ఒకటిన్నర పేజీకే వేళ్ళు పట్టేశాయి. వారం రోజులు, పాప పడుకున్నాక, రోజుకొక అంశం మీద రాశాను. తండ్రులు బిడ్డలను అణచే తీరు తరం తరానికీ ఎలా మారిందన్నది అందులో ఒకటి: ఉరానస్ పుట్టిన బిడ్డలను తిరిగి తల్లి కడుపులోకే నెట్టాడు, క్రోనస్ తన కడుపులోకి మింగాడు, జ్యూస్ ఇంకా ముందుచూపుతో, గర్భవతి అయిన భార్య మెటిస్‌నే మింగేసి ఎథీనాను తన తల నుంచి కన్నాడు. హెసియడ్ దీన్నొక సూత్రంగా చెప్పడు గానీ, మూడింటినీ ఒకే కాగితం మీద పెట్టుకుంటే ఆ కావ్యం ఎటు నడుస్తోందో తెలుస్తుంది.

పరీక్ష రోజు గదిలో ఏసీ ఎంత చల్లగా ఉందో చేతులు అంత చల్లబడ్డాయి. మొదటి పద్యభాగం చదవగానే కొంత కుదుటపడ్డాను. కొడుకును చంపినవాడి చేతులనే ముద్దాడాల్సి వచ్చిందని ఒక వృద్ధుడు అంటున్నాడు. ఇలియడ్ 24వ కాండ, ప్రియామ్ అకిలీస్ గుడారానికి వచ్చి హెక్టర్ శవాన్ని అడిగే చోటు. మూడోది డెమీటర్ స్తోత్రమే, అదీ హీలియస్ చెప్పే ఊరడింపు మాటలే. దానికి సందర్భం రాస్తూ, హేడీస్ ఆ పిల్లకు తండ్రి వైపు నుంచీ తల్లి వైపు నుంచీ కూడా దగ్గరివాడేననీ, హీలియస్ తల్లి వైపు బంధుత్వాన్ని మాత్రమే ఎత్తి చూపి పెళ్ళి సమర్థిస్తున్నాడనీ రాశాను. మన వావివరుసల మాట ఎత్తలేదు. టీచరు అడిగింది గ్రీకు కవి సంగతి.

వ్యాసం ఒడిస్సీలో ఆతిథ్యం గురించి వచ్చింది. గ్రీకులు జీనియా అనే ఆ ధర్మం ప్రకారం, వచ్చినవాడికి ముందు అన్నం పెట్టాలి, పేరు తరువాత అడగాలి. మొదటి కాండలో వేషం మార్చుకుని వచ్చిన ఎథీనా దేవికి ఒడిస్సియస్ కొడుకు టెలిమాకస్ అలాగే చేస్తాడు. మూడో కాండలో నెస్టర్, నాలుగో కాండలో మెనెలేయస్ అదే పాటిస్తారు. ఆల్సినస్ రాజైతే ఒడిస్సియస్‌కు విందులు, ఆటలు, పాటలు అన్నీ అయ్యాక, ఎనిమిదో కాండ చివర గానీ నీ పేరేమిటని అడగడు. ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్ ముందు ఎవరు మీరని అడుగుతాడు, తరువాత పెట్టకపోగా వచ్చినవారినే తింటాడు. ఇంటికి ఎవరొచ్చినా "ముందు కాళ్ళు కడుక్కోండి, భోంచేయండి, తరువాత మాట్లాడుకుందాం" అనే నాయనమ్మ గొంతు వినబడుతుండగానే రాశాను. బ్లూ బుక్‌లో ఆరు పేజీలు నిండాయి. చేయి పట్టేయలేదు.

వారం తరువాత కాగితాలు ఇచ్చారు. 100కి 87. బొమ్మల్లో ఒకటి పోయింది: రెండు పాములు చుట్టుకున్న దండం చూసి వైద్యదేవుడు ఆస్క్లీపియస్ అని రాశాను. అతని కర్రకు ఒకే పాము. రెండు పాములది హెర్మీస్ దండం. 1902లో అమెరికా సైనిక వైద్య విభాగం ఆ దండాన్నే చిహ్నంగా తీసుకున్నప్పటి నుంచి ఈ దేశంలో ఆ రెండూ కలగలిసిపోయాయని టీచరు చెప్పారు. పాపకు టీకాలు వేయించే క్లినిక్ తలుపు మీద ఏడేళ్ళుగా రెండు పాములను చూస్తున్నాను మరి. ఆర్టెమిసియం అగ్రం దగ్గర సముద్రంలో దొరికిన కంచు విగ్రహం విషయంలో మాత్రం, పైకెత్తిన చేతిలో ఇప్పుడు ఏమీ లేదు, పిడుగైతే జ్యూస్, త్రిశూలమైతే పొసైడన్ అని రాసి రెంటి మధ్య ఊగిసలాడినందుకు పూర్తి మార్కులు పడ్డాయి. హీలియస్ గురించి రాసినదాని పక్కన ఎర్ర కలంతో ఒక గీత, దాని కింద "ఇది నేనెప్పుడూ గమనించలేదు" అని ఉంది.

రెండో పరీక్షకు నాటకాలు, తీబ్స్ రాజవంశం. ఆ రాత్రే క్యాలెండరులో సెప్టెంబరు పేజీ చింపి వెనుకవైపు గీతలు మొదలుపెట్టాను. కాడ్మస్, పాలిడోరస్, లాబ్డకస్, లేయస్, అతని కింద ఈడిపస్. పక్కన కూర్చున్న పాప, ఈడిపస్ కూతురు యాంటిగొనీ పేరు రాసి, వరుస ఏం రాయమంటావని అడిగింది. ఈడిపస్ ఆమెకు నాన్న. ఒకే తల్లి కడుపున పుట్టాడు కాబట్టి అన్న కూడా. ఆ తల్లి జొకాస్టా యాంటిగొనీకి అమ్మ, నాన్నను కన్నది కాబట్టి నాయనమ్మ. పాప పెన్సిలు నా చేతికిచ్చి, "ఇది నువ్వే రాసుకో అమ్మా," అని లేచి వెళ్ళిపోయింది.